కొలతల పుస్తకం

ఇరవై రెండేళ్లు ఆయన బట్టలు నేనే కుట్టాను.
లోమే ఊళ్లో, జోంగో పేటలో, మసీదు వెనక సందులో
ఇస్సిఫు దర్జీ అంటే ఎవరైనా చూపిస్తారు.
ఆయన్ని మేం జనరల్ అనలేదు ఎప్పుడూ.
పెద్దాయన అన్నాం.
బక్రీదుకి వీధంతటికీ పొట్టేళ్లు పంపేవాడు,
మా చిన్నదాని బడి ఫీజు రెండేళ్లు కట్టాడు.
ఆ ఉప్పు తిన్నవాణ్ణే. దాచను.

కొలతకి చేతులు చాచి నిలబడేవాడు,
అటు తిరగండి అంటే అటు తిరిగి,
పిల్లాడిలా.
భుజం నుంచి భుజానికి రెండు జానలు, ఒక బెత్తెడు.
పుస్తకంలో అన్నీ ఉన్నాయి, తేదీలతో సహా.

పట్టుకెళ్లిన రోజు పేటంతా ఒకటే మాట:
ఎప్పటి సంగతో, ముసలాణ్ణి వదిలెయ్యొచ్చు కదా.
నేనూ అన్నాను.
కోర్టుకి తెల్లంగీ కావాలని కబురొస్తే
ఎడారి గాలి దుమ్ము పడకుండా తలుపులు మూసి కుట్టాను.
మెడ దగ్గర సరిగ్గా కూచుందో లేదో చూద్దామని వెళ్లాను,
అంతకన్నా గొప్ప కారణమేం లేదు.

ఆయన ఏలిన దేశం నుంచి
మూడు బస్సులు మారి వచ్చిందట, కల్తూమా అనే ఆవిడ.
గది ఎంత ఉండేదమ్మా, అని అడిగారు.
దుబాసీ మీటర్లంటూ ఏదో మొదలుపెడితే
ఆవిడ ఆగమంది.
బల్లమీద అరచెయ్యి పరిచింది,
బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా.
"మనిషికి ఇంత.
ఒకళ్లు ఒత్తిగిలాలంటే పదకొండుమందిమీ ఒత్తిగిలాలి.
కొన్ని తెల్లవారుజాముల్లో
ఒకామె కదిలేది కాదు.
ఆ పూట కాస్త చోటు దొరికేది.
చోటు దొరికిందని సంతోషపడ్డాను.
అదీ రాసుకోండి."

నా చెయ్యి దానంతటదే ఒళ్లో విచ్చుకుంది.
వృత్తి అలాంటిది,
ఎవరేం చెప్పినా కొలిచి చూసుకుంటుంది.
నల్లద్దాల వెనక ఆయన గోడకేసి చూస్తున్నాడు.
ఆవిడ వైపు తిరగమన్నారు.
తిరగలేదు.
నేనంటే తిరిగేవాడు.

నెలన్నరకి డ్రైవరు అంగీ తెచ్చాడు.
జైలు తిండికి చిక్కాడట,
భుజాల దగ్గర జారిపోతోందట.
ఎంత తగ్గించాలి, అన్నాను.
వేళ్లు నాలుగూ కలిపి చూపించాడు.

దీపం దగ్గరికి జరుపుకుని కుట్లు విప్పుతున్నాను.
బెత్తెడు తీసేశాక కూడా
ఇంకా ఒక జాన ఎక్కువే.