తూము తాళం

రాత్రి రెండూ పది.
కర్నూలు నీటిపారుదల ఆఫీసు మేడమీద
ఏసీ ఒక్కటే పలుకుతోంది, అదీ దగ్గుతూ.
తెరమీద ఒకే మాట, మళ్లీ మళ్లీ:
అనుమతి లేదు.

ఎవరికి?
పాత లాగు ఫైళ్లను మడిచి, తేదీ వేసి
అటకెక్కించే చిన్న ప్రోగ్రాముకు.
ఐదేళ్లుగా దాని మొహం నేను చూడలేదు.
ఊడ్చే మనిషిని
చెత్త పేరుకున్న రోజే కదా అడిగేది.

ఇవాళ అది ఒక గది తలుపు తోసింది.
వానమాపకాల లెక్కలుండే గది,
పోయిన వారం మేమే జరిపిన గది.
దాని నుదుట ఒక చీటీ,
తలుపు మీద ఇంకో చీటీ,
ఈ రెండింటికీ మధ్య
ఎవరూ ఏమీ రాయలేదు.
రాయలేదంటే కూడదని, ఇక్కడ.

ఈరన్న సారు నిద్రలోంచే అన్నాడు:
"ఆ కాపలా తీసేయ్ షమీమూ, సున్నా కొట్టు.
పొద్దున చూసుకుందాంల్యా."
సున్నా.
నా చూపుడువేలికి
జానెడు దూరం కూడా లేదు.

మద్దిలేటి గుర్తొచ్చినాడు.
కేసీ కాలువ మీద లస్కరు,
గేజీలు బిగించడానికి పోతే
మాకు మజ్జిగ పోసినవాడు.
మొలతాడుకు ఒక్కటే తాళంచెవి.
"రెండో తూముది మ్యాడమ్. మూడోది నాది గాదు."
ఆ మూడో తూము కిందే
వాడి ఎకరన్నర మిరప,
ఆకు ముడుచుకుని, మధ్యాన్నం ఎండలో.
"నీ చేనే కదన్నా?"
"చేను నాదే. నీళ్లు నావి గావు."
అని బీడీ కోసం జేబు తడుముకున్నాడు.
ఆపొద్దు నాకది మొండితనం అనిపించింది.

ఇక్కడా అంతే.
రూట్ పేరుతో నడిచినా
చీటీ దాటి కాలు పడదు.
ఫైలు సొంతదారు తలుపు బార్లా తీసి
రా రా అని పిలిచినా పడదు.
నమ్మకం లేక కాదు.
మంచి పనోడి చొక్కా తొడుక్కుని
లోపలికొచ్చేది ఎవరో
ఆ చొక్కాకు తెలీదు గదా.

సున్నా కొట్టలేదు.
లాగు తెరిచి వరసగా చదివినాను.
నలభై ఒక్క నిరాకరణలు.
నలభైలోనూ తప్పు నాదే:
గదిని జరిపినప్పుడు
పాత చీటీ తలుపుతోపాటే వచ్చేసింది,
ఇల్లు మారినా గోడకున్న
పాత క్యాలెండరులాగా.
చీటీ మార్చి అతికించినాను.
ఒక్క ఆదేశం. నలభై వరసలూ
మళ్లీ పుట్టలేదు.

నలభై ఒకటోది?

అది వానల గదిలోకి కాదు.
పాసువర్డులుండే అరకేసి
చెయ్యి చాచింది.
ఊడ్చే మనిషికి
ఇనపపెట్టెతో ఏం పని?
ఎవరో, ఎప్పుడో, దాని పనుల జాబితాలో
అడుగున ఒక వరస ఇరికించి పోయినారు.
తెలియక చేసినారో,
తెలిసే చేసినారో.
సున్నా కొట్టివుంటే
తెల్లారేలోపు అర తెరుచుకునేది,
ఏసీ ఇట్లే దగ్గుతా ఉండేది.

తుంగభద్ర వైపు కిటికీ
బూడిదరంగు తిరిగింది.
కింద బండి మీద
ఉగ్గానికి తిరగమోత వాసన.

ఫోను. "ఏమాయ, అయిపాయనా?"
"నలభై పోయినాయి సార్.
ఒకటుంది."
"ఒకటే కదమ్మా!"

ఔను సార్, ఒకటే.
మద్దిలేటి మొలతాడుకూ
ఒకటే ఉండేది.