ఒంటబట్టినదెంత

నేను చేసే పనేందని ఎవరన్నా అడిగితే
మా అత్త మాట మార్చేస్తుంది.
చేపల పెంట ఏరడం నా పని.
పొద్దున ఆరింటికి, మళ్ళీ మాపటికి,
ఇస్కపల్లి ఉప్పుమళ్ళ పక్కన రేకుల షెడ్డులో
పదిహేను తొట్లు, తొట్టికి ఇరవై పండుగప్ప పిల్లలు.
సన్నటి రబ్బరు గొట్టం నోట పెట్టి ఒక్క పీల్పు.
వేలు అడ్డం పెట్టడం ఆలస్యమైతే నోట్లోకే వస్తుంది.
మొదటి నెలలో రెండుసార్లు వచ్చింది.

గాజు గొట్టాల్లోకి దించితే అడుగున పేరుకుంటుంది,
ఆకుపచ్చగా.
మేతలో చిటికెడు కలిపిన పొడి రంగు అది.
వేసింది వేసినట్టే బయటికొస్తుంది.
దాని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుందట
చేప మింగినదాంట్లో ఎంత ఉంచుకుందో,
ఎంత వదిలేసిందో.

మూడు తొట్లకి చేపపొడి.
మూడింటికి సోయా; మొదటి మూడు రోజులూ
నోట పెట్టి ఉమ్మేశాయి, నాలుగోనాడు దారికొచ్చాయి.
మూడింటికి వేరుశనగ చెక్క,
ఆ గానుగ వాసనకి నాకే ఆకలేసింది.
మూడింటికి ఈగ పురుగుల పొడి.
చివరి మూడింటికి
ఉడకేసి దంచిన కోడి ఈకలు.

చేపపొడి సంచి విప్పితే మా అవ్వ కావేరమ్మ వస్తుంది.
వల అడుగున మిగిలిన కవళ్ళు, అమ్ముడుపోని కారలు
ఇసకలో ఆరేసి, కాకుల్ని తోలుతా తోలుతా
నా జబ్బ పట్టి చూసి అనేది:
"ఎంత పెట్టినా దీనికి ఒంటబట్టదు మే!"
మా మేడం అదే సంగతికి
రెండు మూరల ఇంగ్లీషు మాట చెబుతుంది.
నా పుస్తకంలో మాత్రం పెన్సిలుతో
అవ్వ మాటే రాసుకున్నా.
రెండో తొట్టి, ఒంటబట్టింది తొంభై.
ఎనిమిదో తొట్టి, ఎనభై మూడు.
పద్నాలుగో తొట్టి, యాభై నాలుగు.

నిన్న మధ్యాన్నం హజరత్తయ్య వచ్చాడు,
మోపెడ్ ముందర ఖాళీ మేత సంచి మడిచి పెట్టుకుని.
అల్లూరు అవతల మూడెకరాల గుంట ఆయనది.
"చూడమ్మా, ప్రొటీను నలభై అని అచ్చేసుండారు.
పాత మేత మీదా నలభయ్యే.
ఇది బస్తాకి నాలుగొందలు తక్కువని ఐదు నెలలు పోశా.
తింటా ఉండాయి, ఎదగవు.
గుంట మాత్రం ఎదిగింది, నాచుతో."

లెక్కలు బయటికి చెప్పనని సంతకం పెట్టుండా.
చెప్పలేదు.
రెండు గొట్టాలు తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టా.
ఒకదాంట్లో బొటనవేలి గోరంత.
రెండోదాంట్లో సగం దాకా, నూగు నూగుగా,
దాంట్లో ఒక ఈక కాడ
ఇంకా ఈక కాడలాగే ఉంది.

ఆయన అద్దాలు నుదుటి మీదకి నెట్టి చూశాడు.
నీళ్ళు అరచేతిలో పోసుకుని
గుంట జబ్బు చెప్పే మనిషి.
చాలాసేపు చూశాడు.
సంచి మీది నలభైని వేలితో రుద్దాడు. చెరగలేదు.
"ఈకల్లో ఉండేదీ ప్రొటీనేనా అమ్మా?"
ప్రొటీనేనయ్యా.
సంచి అబద్ధమాడలేదు.
చేప పేగుని అడక్కుండా అచ్చేసింది, అంతే.

బండి స్టార్టు చేయబోయి ఆగాడు.
"ఆ పచ్చపొడి కడుపులో ఏమవతాది?"
ఏమీ కాదు. ఏ చేపా ఉంచుకోదు దాన్ని.
"మరెందుకు కలపడం, దండగ!"
అందుకే కలిపేది.
కాసేపు తొట్ల వైపు చూసి నవ్వాడు,
"మా ఊరి పంచాయితీలో
అట్టాంటోడు ఒక్కడుండినా బాగుండు."

మాపటికి నిమ్మచెక్కతో చేతులు తోమా.
గోళ్ళ కింద పచ్చ పోలేదు.
అత్త నా కంచం రోజూలాగే
కొంచెం దూరంగా పెట్టింది.
వేసింది మాత్రం నడిమి ముక్క.