తొమ్మిదింటికి ఓటు

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఓటు మూస్తానన్నాను,
ఆదివారం విడుదల.
మన బస్సాటలో పలాస రోడ్డు మీద
రాత్రి వానా, తెల్లారి పొగమంచా?

పదకొండు. పదకొండు.

మిగిలింది ఢిల్లేసు.
జీడిపప్పు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ,
ఫోను గేటు దగ్గర డబ్బాలో.

"తేదీ అంటే తేదీయే" అంది హేమసుందరి.
తేదీ వేసింది నేను.
ఆ గేటు మరిచిందీ నేనే.
ఆదివారం కొట్టేసి బుధవారం రాశాను,
తిట్లు పడ్డాయి.

ఆరింటికి వచ్చింది వాడి జవాబు,
జీడి మరకల వేళ్ళతో, సగం అక్షరాలు తప్పు:
"వానైనా మంచైనా ఒకటేరా.
డ్రైవరు దిగి టీ తాగడానికి
ఒక్క కొట్టైనా ఎట్నేదేటర్రా?"

ఆ ప్రశ్న మా ఓటులో లేదు.

మళ్ళీ తెరిచాను.
మూసే గంట, పొద్దున్న ఏడు:
వాడు చేతులు కడుక్కున్నాక.