పదిహేడో వరుస

తుర్కు రేవులో నీళ్ళు గడ్డకట్టాయి.
మంచు కరిగేలోపు ఓడ టికెట్ల ప్రోగ్రాం మార్చెయ్యాలి.
రీక్కా బోర్డు మీద గళ్ళు గీసింది:
ఏది చెడొచ్చు, ఎంత చెడొచ్చు, ఎవరు చూసుకోవాలి.

సర్వర్ కూలొచ్చు, అన్నాం. రాసింది.
గడువు జారొచ్చు. రాసింది.
కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడొచ్చు.
నవ్వుతూ అదీ రాసింది.

పదిహేడో వరుస దగ్గర మార్కర్ ఆగింది.
అందరికీ తెలుసు.
నేను కిటికీ వైపు చూశాను.
కాఫీ మిషన్ ఒక్కటే గుర్రుమంది.

మూల కుర్చీలోంచి ఔలిస్ లేచాడు,
ఇరవై రెండేళ్ళ కోడ్‌ని తలలో మోస్తున్నవాడు,
పోయిన నెలే గుండెకి స్టెంటు వేయించుకున్నవాడు.
ప్రమాదం అన్న గడిలో
తన పేరు తనే రాసుకున్నాడు.
ఎంత అవకాశం?
"డాక్టర్ని అడిగి చెప్తాను."

ఎవరం నవ్వలేదు.

శరత్కాలంలో చేరిన ఇల్మా
కుర్చీ బరబరా ఈడ్చుకెళ్ళి అతని పక్కన వేసుకుంది.
"మొదటి ఫైలు తెరవండి."
తెరిచాడు. పైనే అతని పాత రాత:
ఇక్కడ ఒక రోజు తగ్గించాను.
ఎందుకో మర్చిపోయాను. కదపొద్దు.

రీక్కా
పద్దెనిమిదో వరుస మొదలుపెట్టింది.