పూసుకునేది

రాత్రి రెండూ నలభై.
తండయార్‌పేట ఆస్పత్రిలో
నా ఫోనుకి సిగ్నల్ ఇచ్చేది
మెట్ల మలుపులోని కిటికీ ఒక్కటే.
బయట హార్బరు వైపు కంటైనర్ లారీలు
ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి.
లోపల, ఏడో నంబరు మంచం మీద
తులుక్కాణం ముక్కు
పావుగంటకోసారి కొత్త దూది అడుగుతోంది.

ఆయన గుండెలో లోహపు తలుపు ఉంది.
దాని చుట్టూ నెత్తురు గడ్డకట్టకుండా
పదకొండేళ్లుగా రోజూ ఒక మాత్ర,
ఎండుచేపల అంగడి మూసి, చేతులు కడుక్కుని.
రెండున్నరకీ మూడుకీ మధ్య తిరిగే అంకె
ఇవాళ తొమ్మిది దాటింది.
"ఏం మారిందో చూడండి అక్కా"
అన్నాడు డ్యూటీ డాక్టర్ ఇన్బరసన్.
అక్కా అన్నాడంటే భయపడ్డాడన్నమాట.
మామూలుగా నన్ను "ఫార్మసీ" అని పిలుస్తాడు.

తెలుగులో భయపడి, తమిళంలో మాట్లాడి,
ఇంగ్లీషులో వెతకడం నా ఉద్యోగం.
మాత్ర పేరు కొట్టాను. ఒక అక్షరం తప్పు పడింది.
అయినా లక్షల జవాబులు.
అన్నిటికన్నా పైన, ఒక పెట్టెలో,
ఎవరూ సంతకం పెట్టని పేరా
సంబంధం కుదిర్చేవాడిలా ధీమాగా మాట్లాడింది.
దాని కింద మోకాళ్ల నొప్పుల నూనె.
దాని కింద, పాలకూర తినొచ్చా అంటూ ఒక వంటల పేజీ.

నేను పైనుంచి చదవను.
మొప్ప ఎత్తి చేపని చూసినట్టు
అడుగు నుంచి చూస్తాను.
ఏ సంవత్సరం? ఎవరు రాశారు?
ఆ రాసినవాళ్లకి అన్నం పెట్టిందెవరు?
ఒక మంచి వ్యాసం దొరికింది.
సారాంశం దాకా ఉచితం,
గడప దాటాలంటే నా మూడు రోజుల జీతం.
ఇంకోటి "జాగ్రత్త అవసరం" అంది.
ఎంత జాగ్రత్త?
ఎన్ని మిల్లీగ్రాముల జాగ్రత్త, ఎన్ని పూటలు?

యాంటీబయాటిక్? లేదు. నొప్పి మాత్ర? లేదు.
లేహ్యం, కషాయం, నాటుమందు? లేదు లేదు.
"ఇతర మందులు" అన్న గడిలో ఒక అడ్డగీత.
అడ్డగీతని ఏమని వెతకను?
ఫోను పద్నాలుగు శాతం.

మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను.
తమిళంలో అడిగితే తమిళంలో లేదన్నాడు.
సిస్టర్ జెరూషా దూది మారుస్తుంటే మాత్రం
"అమ్మా, మంట" అన్నాడు,
మా కొరుక్కుపేట ఇంట్లో మాట్లాడే మాటలో.
"ఏడ మంట?"
"నోట్లో."
చొక్కా జేబు చూపించాడు.
బీడీ కట్టకీ రేషన్ కార్డుకీ నడుమ
నొక్కి నొక్కి చదునైన ట్యూబు.
నాలిక మీద తెల్లగా పూసిందని
మూల మందులంగడివాడు ఇచ్చినాడంట, పది దినాలాయె.
"వేరే మందులేమన్నా ఉండాయా అని అడిగినారు గదయ్యా!"
"ఇది పూసుకునేది గదమ్మా.
మింగేది గదా మందు."

మళ్లీ మెట్లు. మళ్లీ కిటికీ.
ఈసారి రెండు పేర్లూ పక్కపక్కన కొట్టాను.
పన్నెండు సెకన్లు.
ఆ జెల్లూ ఆ మాత్రా కలవకూడదని
ఎప్పుడో, ఎక్కడెక్కడో, ఎవరెవరో
రాసిపెట్టే ఉన్నారు,
ఇలాంటి తులుక్కాణాల నెత్తురు చూసి.

ఇన్బరసన్ విటమిన్ కె ఇచ్చాడు, కొంచెమే,
ఆ తలుపు బిగుసుకుపోకుండా.
నాలుగున్నరకి దూది గులాబీ రంగుకొచ్చింది.
ట్యూబుని కవర్లో వేసి
దుష్ఫలితాల ఫారం నింపుతుంటే
అదే గడి, అదే ప్రశ్న.
ఫారం పట్టదని వెనకవైపు రాశాను:
మింగేవి. పూసుకునేవి. పుక్కిలించేవి.
కంట్లో చెవిలో వేసుకునేవి. పీల్చేవి.
పక్కింటివాళ్లు ఇచ్చినవి.
మందు కాదనుకున్నవి.

ఎనిమిదింటికి డ్యూటీ దిగుతుంటే
వరండాలోంచి "ఫార్మసీ!" అని కేక.
హమ్మయ్య అనుకున్నాను.
బస్సెక్కి ఫోను తీస్తే
మోకాళ్ల నూనె
ఇంటిదాకా నా వెంటే వచ్చింది.