ఆలస్యానికి కారణం

నేను యాత్రకు రాలేదు.
వ్యాన్‌లో మిగిలింది ఒక్కటే పార్సిల్ —
కుక్కల మేత, పన్నెండు కిలోలు,
దీవిలో తెల్ల గేటు ఇల్లు, విన్‌ఫ్రెడ్ డాడ్స్.

నార్తంబర్లాండ్‌లో ఆ దీవికి వెళ్లే రోడ్డు
రోజుకు రెండుసార్లు సముద్రమైపోతుంది.
మునిగిన కారు బొమ్మ వేసి మరీ బోర్డు పెట్టారు.
నేనూ పోటు వేళల పట్టిక చూసే బయల్దేరాను.
చూసింది నిన్నటిది.

"ఇంక రాత్రి తొమ్మిది దాకా నువ్వు మావాడివే"
అందామె, పిండి చేతులు తుడుచుకుంటూ.
మామూలు మాటే.
ఏడేళ్లలో ఈ దేశంలో
నన్ను మావాడన్న మొదటి మనిషి మాత్రం ఆమే.

చేతిలో యంత్రం కుయ్యిమంది:
ఆలస్యానికి కారణం ఎంచుకోండి.
ట్రాఫిక్. తప్పు చిరునామా. ఇంట్లో ఎవరూ లేరు.
సముద్రం అనే గడి లేదు.

ఒడ్డుకు నడిచాను.
భక్తులు నడిచే దారి పొడుగునా పాతిన కర్రలు
మోకాళ్ల దాకా, నడుము దాకా మునుగుతున్నాయి.
అలలేం లేవు. నీళ్లు ఎక్కణ్ణించీ వచ్చినట్టు లేదు,
ఇసకే తడి గుర్తొచ్చి చెమర్చినట్టుంది.

నాకిది తెలుసు.
ఎండిన పెన్నలో ఓబులమ్మత్త చెలమ తీసేది.
"మొదట ఊరేది బురదరా, తోడి పారబొయ్.
రెండోదీ పారబొయ్.
ఆనక చెయ్యి పెట్టకు. ఊరికే కూచో."
ఆ ఊరికే కూచోడమే నాకు పట్టుబళ్లేదు.

మూడేళ్లుగా తెల్లారుజామున మూడింటికి మెలకువ.
ఎవరో పిలిచి, నేను పలికేలోపు
ఊరుకున్నట్టు.
డాక్టరు మాత్రలు రాశాడు.
న్యూకాజిల్‌లో గుడికి వెళ్లాను, వరసలో నిలబడ్డాను,
పులిహోర తిన్నాను. పులిహోర బాగుంది.
మూడింటికి మళ్లీ మెలకువ.

అప్పుడు దూరపు దిబ్బ మీంచి వినపడింది —
గాలి కాదు, మనిషీ కాదు,
శ్రుతి కోసం వెతుకుతున్న సన్నాయి లాంటిది,
ఒకటి ఆపితే ఇంకొకటి అందుకుంటూ.

"సీళ్లు," అంది డాడ్స్, వెనకాలే టీ ఫ్లాస్కుతో.
"మునిగిపోయినవాళ్లు పాడుతున్నారనేది మా అమ్మ.
నేను సీళ్లనే అంటాను."
కాసేపాగి, "రోజూ వస్తాను మరి, వినడానికి" అంది.

దిబ్బ మునిగిందాకా పాడాయి.
తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీలేనితనం ఎంతుందంటే
నా ఊపిరి వేరే ఎవరిదో అనుకుని
పక్కకు తిరిగి చూశాను.

దేవుడు కనిపించాడని చెప్పను.
చెప్తే డిపోలో నవ్వుతారు, పైగా అబద్ధం.
అక్టోబరు చలి, మెడలో గుచ్చుకునే యూనిఫాం కాలరు,
బూట్లలోకి నీళ్లు వస్తున్నాయని తెలుస్తూనే
వెనక్కి జరగని కాళ్లు — అంతే.
ఎవరూ పిలవలేదు.
అయినా పలికాను.
ఏమని పలికానో ఆమెకు వినపడే ఉంటుంది,
అడగలేదు. టీ మూతలో పోసిచ్చింది.

తొమ్మిదింటికి రోడ్డు తేలింది,
నాచు పట్టి, హెడ్‌లైట్లలో
ఇప్పుడే పుట్టినట్టు మెరుస్తూ.
యంత్రం మళ్లీ అడిగింది.
ఇతరములు నొక్కాను.
వివరించండి, అంది.

ఊట, అని కొట్టాను.
దానికి తెలుగు రాదు.
రెండు ఖాళీ డబ్బాలు చూపించి
సరే అంది.