మిట్ట ఎరిగినది

పద్దెనిమిదో నిమిషం దాటాక
తెర మీద సన్నగా ఒక సూది లేస్తుంది.
అది మా నాన్న.

తండయార్‌పేట మలేరియా స్క్వాడ్‌లో
ముప్పై ఒక్క ఏళ్ళు పంపు కొట్టాడు.
ఖాకీ నిక్కరు, భుజాన ఇత్తడి డబ్బా,
గోడల్ని తెల్లగా తడిపి
తలుపు పక్కన సుద్దముక్కతో తేదీ వేసి
ఇంకో ఇంటికి పోయేవాడు.
ఆ రోజుల్లో దోమ కంటే ముందు
నల్లులు రాలేవి; జనం మజ్జిగ ఇచ్చేవాళ్ళు.
సాయంత్రం ఆయన చొక్కా ఉతికిన నీళ్ళు
అమ్మ సందు కాలవలో పారబోసేది.
సందు కాలవ బకింగ్‌హాం కాలవలోకి,
అది వంకలు తిరిగి ఎన్నూరు ముఖద్వారంలోకి.

నీరు పల్లమెరుగు అంటారు.
నిజమే, నీరు ఎరుగు.
నీళ్ళలో కరగనిది మాత్రం
మిట్ట ఎరుగు.

ముందు అడుగున బురద.
బురద తినే ఎర్రపురుగు,
గాలానికి గుచ్చడానికి పిల్లలు తవ్వుకునేది,
దాని ఒంట్లో ఉన్నదే ఆవగింజంత కొవ్వు,
ఆ కొవ్వులో ఒక గది అద్దెకు తీసుకుంటుంది.
ఖాళీ చెయ్యదు.
పురుగుల్ని రొయ్య తింటుంది,
వందో, రెండు వందలో, ఎవరు లెక్కపెట్టారు?
పురుగులు అరుగుతాయి, బాకీ అరగదు.
రొయ్యల్ని జెల్ల తింటుంది,
జెల్లపిల్లల్ని పండుగప్ప.
ఒక్కొక్క నోరు దాటినప్పుడల్లా
వడ్డీ అసలులో కలుస్తుంది.
మా వీధి సేటు కూడా ఇంత నెమ్మదిగా,
ఇంత తప్పు లేకుండా
లెక్క కట్టి ఎరగడు.

నాకు చేపలు తెచ్చేది దేశమ్మ.
కరెంటు కంపెనీ బూడిద కలిసిన నీళ్ళలో
నడుంలోతు కూర్చుని
చేతుల్తో బురద తడిమి రొయ్యలు పడుతుంది,
తాటాకు బుట్ట పళ్ళతో కరిచిపట్టుకుని.
అందుకే నీళ్ళలో ఉన్నంతసేపూ మాట్లాడదు.
గట్టెక్కాకే అడిగింది:
"ఏం కనపడిందమ్మా మీ పెట్టెలో?"
హద్దు లోపలే ఉందన్నాను.
వారానికొకసారి తినేవాళ్ళకి, అని కూడా అన్నాను,
గొంతు కొంచెం తగ్గించి.
ఆమె నవ్వింది.
"అమ్ముడుపోని పొడి రొయ్యలు
రోజూ మాకే గదా.
పండుగప్ప మా నోటికి ఎక్కడిది,
అది మీకు."

ఆమె చెప్పింది లెక్క ప్రకారం సరైనదే.
ఇంటికొచ్చే బస్సంతా
ఆ సరైన లెక్క నాకు గొంతులో ముల్లు.

నాన్న పోయి పదకొండేళ్ళు.
పంపు తుప్పు పట్టి పాత ఇనుములో పోయింది.
ఆయన గోడల మీద వేసిన తేదీల మీద
సున్నం, సున్నం మీద ఎన్నికల రంగులు,
వీధికి వీధే లేచిపోయిన చోట
లారీలు నిలబడుతున్నాయి.
ఆయన చల్లినది మాత్రం
ఇంకా సగానికి కూడా రాలేదేమో.
సీసాలోని చేప నూనెలో
ఎంత పసుపుగా, ఎంత శుభ్రంగా ఉంటుందో!
వాసన కూడా లేదు.

ఆయన తిథికి అమ్మ
ఆయనకిష్టమైందే వండుతుంది.
ఈసారి కాశిమేడు పోయి
బేరమాడకుండా కొనుక్కొచ్చింది:
రెండున్నర కిలోల పండుగప్ప,
కడుపు కింద కొవ్వు తెల్లగా మెరుస్తోంది.
"చూడు, ఎంత బలిసిందో" అంది,
బిడ్డను చూపించినట్టు.

నాకు తెలిసినదంతా
నాలుక చివరిదాకా వచ్చి
చింతపండు పిసికే ఆమె చేతిని చూసి
ఆగిపోయింది.

ఫోటో ముందు అరిటాకు.
మొదటి ముక్క ఆయనకి.
డబ్బా భుజాన లేకుండా
ఆయన నవ్వుతున్న ఫోటో అదొక్కటే.

రెండో ముక్క నా ఆకులో పడింది.
"కార్జం నీకే ఉంచాను,
చిన్నప్పుడు కొట్టుకుని తినేదానివి.
పులుపు సరిపోయిందా?"

సరిపోయిందమ్మా.